తల్లి యంత్రం

పొద్దున ఏడున్నరకి షట్టరు ఎత్తగానే
దీపాలకంటే ముందు యెన్ ధర చూస్తాను.
నూరు యెన్లకి మా డాలర్లు ఇరవై ఒకటి.
ఒకప్పుడు ముప్ఫై.
ఆ తొమ్మిది డాలర్ల గోతిలోకే
తైచుంగ్‌లో మా వీధంతా జారిపోతోంది.
పోత పోసేవాళ్లు, గేర్లు కోసేవాళ్లు,
రేకు వంచే ముగ్గురన్నదమ్ముల షెడ్డు,
మధ్యాహ్నం డబ్బాల్లో అన్నం తెచ్చే షియో-లువాన్.

నగోయాలో మా మీద ఎవరూ పగబట్టలేదు.
వాళ్లు నిద్రపోతుండగానే
వాళ్ల ధర దానంతటదే తగ్గుతుంది.
మేం మాత్రం మేలుకుని కూర్చుని
ఏం తగ్గించాలా అని వెతుక్కుంటాం.
రంగు ఒక పూత తగ్గించాం.
పెట్టెల చెక్క పలచన చేశాం.
ఆఖరికి శుక్రవారాల్ని తీసేశాం.
'జీతం లేని సెలవు' అని నేనే టైపు చేసి
నేనే గోడకి అంటించాను.
టేపు ఊడి ఒక మూల రెపరెపలాడుతుంటే
దాటి వెళ్లారే గాని ఎవరూ నొక్కలేదు.

లియావ్ చిన్-ఫా శుక్రవారమూ వస్తాడు.
కార్డు గుద్దడు.
పెరట్లో ఏడాదిపాటు వానకి నాని, ఎండకి కాగి
లోపలి బిగువంతా వదిలేసిన పోత ఇనుము
ఆయన కోసం కాచుకుని ఉంటుంది.
పలకకి నీలం పూసి దాని మీద జరుపుతాడు.
ఎక్కడ ఎత్తుందో అక్కడ నీలం అంటుతుంది.
ఉలి పిడిని తుంటి ఎముకకి ఆనించి
ఒళ్లంతా ముందుకు ఊపి
ఆ ఎత్తుని ఒక్క పొలుసుగా లేపుతాడు.
మళ్లీ నీలం. మళ్లీ పొలుసు.
వెంట్రుకని ఇరవై పాళ్లు చేస్తే
అందులో ఒక పాలు దాకా ఆయనకి కనిపిస్తుంది.
అందరికీ చేతులు కాయలు కాస్తాయి,
ఆయనకి తుంటి కాసింది.

యంత్రాల్ని చేసే ఈ యంత్రాల్ని
మావాళ్లు తల్లి యంత్రాలంటారు.
తల్లి ఒక పిసరు వంకరైతే
పుట్టేవన్నీ వంకరే అమ్మాయ్,
అని నేను చేరిన మొదటి నెలలో చెప్పాడు.
నేను లెక్కల మనిషిని.
తల ఊపి ఊరుకున్నాను.

నిన్న బుర్సా నుంచి ఉత్తరం.
ఆరు యంత్రాల ఆర్డరు రద్దు.
ఈ ఏడు మేం పీల్చాల్సిన గాలిలో సగం అది.
ఫారంలో కారణం రాయాలి, గళ్లున్నాయి:
ధర, గడువు, పోటీదారు, ఇతరాలు.
ఆ కంపెనీలో కొనుగోళ్లు చూసే ఫెర్హుందె గారు
ఫోటో జతచేసి మర్యాదగా రాసింది:
మీ దగ్గర మొదట కొన్న ఆరూ
ఇరవై ఆరేళ్లయినా గీత తప్పడం లేదు,
కొత్తవి ఎందుకని మా యజమాని అడుగుతున్నాడు.

రెండుసార్లు చదివాను.
మమ్మల్ని ఓడించింది నగోయా కాదు.
ఇరవై ఆరేళ్ల కిందటి మేమే.
వాళ్ల ధర సున్నా. వాళ్ల గడువు నిన్న.
ఏ రేటు ఎటు తిరిగినా
వాళ్ల మీద నెగ్గడం మా తరం కాదు.
'కొంచెం తొందరగా అరిగేట్టు చేస్తే?'
అన్నాడు మీటింగులో చిన్న మేనేజరు, నవ్వుతూనే.
ఎవరూ నవ్వలేదు.
కాదని కూడా ఎవరూ అనలేదు.

ఇవాళ శుక్రవారం.
ఫోటో చూపిస్తే ఆయన సంతోషిస్తాడనుకున్నాను.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
నీలం వేళ్లతో బొమ్మని సాగదీసి
చాలాసేపు చూశాడు.
'ఇది భూకంపం వచ్చిన ఏడాది చేసింది.
కరెంటు వస్తూ పోతూ ఉండేది,
ఓడ టైమైపోతోందని పైవాళ్లు నెత్తిన కూర్చున్నారు.
ఈ ఎడమ మూల చూడు,
ఇక్కడ తొందరపడ్డాను.'

నాకేమీ కనిపించలేదు.

'వెనక్కి పంపమను,
రెండు రోజుల పని, సరిచేసి ఇస్తాను' అన్నాడు.
బుర్సా నుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి బుర్సాకి
ఓడ ఖర్చు మనసులోనే లెక్క కట్టాను,
నా ఉద్యోగమే అది.
అంకె పైకి చెప్పలేదు.
ఆయన అప్పటికే రాయి తడిపి
ఉలికి పదును పెడుతున్నాడు.